బాటసారి భోజనం

ప్రక్రియ: వ్యాసం

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రయాణంలో ఆకలిదప్పులు తీర్చే తావులు మన సాహిత్యంలోను, చరిత్రలోను ఏ విధంగా కనిపిస్తాయో తెలపడం. చెన్నై – తిరుపతి మార్గంలోని నగరిని ఉదాహరణగా గ్రహించి, నాటి సత్రం నుండి నేటి హోటలు వరకు వచ్చిన మార్పులను వివరించడం. అన్నపానాల విషయంలో సమానత్వం, పరిశుభ్రత, పరోపకారం అనే విలువలను విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఇల్లు విడిచి నాలుగు ఆమడలు నడిచిన మనిషికి మొదట గుర్తుకు వచ్చేది ఇంటి భోజనం. ఇంట్లో అన్నం పెట్టే చేయి తెలిసిన చేయి. దారిలో అన్నం పెట్టే చేయి తెలియని చేయి. ఆ తెలియని చేతిని నమ్మి విస్తరి ముందు కూర్చోవడం ప్రయాణం నేర్పే మొదటి పాఠం. ఊరూ పేరూ ఎరుగని మనిషికి కడుపునిండా పెట్టడం గ్రామం నేర్చుకొనే మొదటి సంస్కారం. ఈ రెండూ కలిసిన చోటనే సత్రం వెలసింది, చలివేంద్రం వెలసింది, పూటకూళ్ళ ఇల్లు వెలసింది. ఒక జాతి నాగరికతను దాని కోటలను, గోపురాలను చూసి కొలుస్తారు. దాని దారులలో బాటసారికి ఏమి దొరికేదో చూసి కూడా కొలవవచ్చు.

ప్రాచీన సాహిత్యంలో బాటసారి

దారినపోయే వారి క్షుత్పిపాసలను గురించి ఆలోచించడం మన దేశంలో రాజధర్మంగా ఉండేది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోక చక్రవర్తి వేయించిన శిలాశాసనాలు రాయలసీమలోనే, కర్నూలు జిల్లా ఎర్రగుడి వద్ద కొండరాళ్ళపై ఉన్నాయి. వాటిలో రెండవ శాసనం మనుషులకు, పశువులకు ఉపయోగపడే విధంగా దారుల వెంట బావులు త్రవ్వించి, చెట్లు నాటించినట్లు తెలుపుతుంది. బావి, నీడనిచ్చే చెట్టు – ఈ రెండే ఆనాటి విశ్రాంతి స్థానాలు. పశువును కూడా బాటసారిగా లెక్కించిన దృష్టి ఆ శాసనంలో గమనింపదగినది.

తెలుగు కావ్యాలలో ఆతిథ్యాన్ని వర్ణించిన ఘట్టాలలో 'ఆముక్తమాల్యద'లోని విష్ణుచిత్తుని అన్నదానం ప్రసిద్ధమైనది. శ్రీవిల్లిపుత్తూరుకు వచ్చే వైష్ణవ యాత్రికులకు విష్ణుచిత్తుడు ఋతువును బట్టి భోజనం పెట్టేవాడని శ్రీకృష్ణదేవరాయలు వర్ణించాడు. ముసురు పట్టిన వానకాలంలో తడిసిన కట్టె మండదు కనుక కొబ్బరి పొరకలతో పొయ్యి రాజేసి, వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి వడ్డించేవాడు. ఎండకాలంలో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకు రసం, లేత కొబ్బరి నీళ్ళు, పండ్లు, చల్లని పరిమళ జలం, నీరుమజ్జిగ, ఊరగాయ. చలికాలంలో పరిమళించే వేడి అన్నం, మిరియాల ఘాటు తగిలే కూరలు, ముక్కుకెక్కే పచ్చళ్ళు, పాయసం, కాగిన నెయ్యి, పాలు. చక్రవర్తి అయిన కవి యాత్రికుని ఆకలిని ఇంత సూక్ష్మంగా పరిశీలించడం విశేషం. ఎండలో నడిచి వచ్చిన వాడికి పిండివంటల కంటె నీరుమజ్జిగ ముఖ్యమని ఆయనకు తెలుసు.

విష్ణుచిత్తుని భోజనం పుణ్యార్థం పెట్టినది. డబ్బు తీసుకొని అన్నం పెట్టే పద్ధతి కూడా తెలుగునాట పాతదే. వినుకొండ వల్లభరాయుని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామం'లో మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు నగరమంతా తిరుగుతారు. ఆ నగరంలోని ఒక పూటకూటి ఇంట్లో ఒక్క రూకకు దొరికే భోజనాన్ని కవి వరుసగా చెప్పాడు. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు – ఇదీ ఆ పట్టిక. హోటలు గోడకు వ్రేలాడే నేటి ధరల పలకకు ఇది పూర్వరూపం అనవచ్చు. ధర తెలిసి, పదార్థం తెలిసి, పరదేశి నిశ్చింతగా కూర్చోగలగడమే ఆ ఇంటి ప్రత్యేకత.

సద్దిమూట

అన్ని దారులలోను సత్రాలు ఉండేవి కావు. అందువల్ల బాటసారి తన భోజనాన్ని తానే మోసుకొనిపోయేవాడు. అదే సద్దిమూట. దానిలోకి ఏది చేరాలో మన తల్లులు అనుభవంతో నిర్ణయించారు. చింతపండు పులుపు, ఉప్పు, పసుపు, నూనె కలిసిన పులిహోర మామూలు అన్నం కంటె ఎక్కువసేపు నిలుస్తుంది. పులుపులో సూక్ష్మజీవులు త్వరగా పెరగలేవు. దూరప్రయాణానికి పెరుగన్నం కట్టేటప్పుడు అన్నంలో కాచిన పాలు ఎక్కువగా పోసి, ఒక్క చెంచా పెరుగు కలుపుతారు. ప్రయాణం సాగుతూ ఉండగానే ఆ పాలు తోడుకుంటాయి. మూట విప్పే వేళకు పెరుగన్నం పులియకుండా కమ్మగా ఉంటుంది. బొరుగులు, అటుకులు, వేయించిన వేరుశనగలు, బెల్లం – ఇవి తడిలేని పదార్థాలు కనుక రోజుల తరబడి చెడవు. రాగిపిండి చిన్న సంచిలో ఉంటే నీళ్ళు, నిప్పు దొరికిన చోట సంగటి సిద్ధమవుతుంది. పుస్తకాలు చదవని వారు రూపొందించిన ఈ పాకశాస్త్రంలో నేటి విజ్ఞానశాస్త్రం తప్పు పట్టవలసినది ఏమున్నది?

పెద్ద పరివారంతో సాగే యాత్రలకు సద్దిమూట చాలదు. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుండి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకొన్నాడు. ఆయన వెంట సుమారు వందమంది ఉన్నారు. తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీకి సాగిన ఆ ప్రయాణ విశేషాలను ఆయన మిత్రుడైన కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళకు తెలియజేస్తూ వచ్చాడు. అవే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. ప్రతి మజిలీలోను దిగడానికి చోటు ఉన్నదా, నీటి వసతి ఎటువంటిది, అంగళ్ళలో వస్తువులు దొరుకుతాయా అన్న విషయాలను ఆయన శ్రద్ధగా నమోదు చేశాడు. వెనుక రాబోయే యాత్రికునికి ఇంతకంటె మహోపకారం లేదు. ఫ్రాన్సులో టైర్లు తయారుచేసే మిషెలిన్ సంస్థ కారులలో తిరిగే వారి కోసం 1900లో మార్గదర్శిని ప్రచురించింది. తరువాతి కాలంలో అది భోజనశాలలకు నక్షత్రాలు ఇవ్వసాగింది. రెండు నక్షత్రాలంటే దారి మళ్ళి అయినా వెళ్ళదగినదని, మూడు నక్షత్రాలంటే దానికోసమే ప్రయాణం కట్టదగినదని అర్థం. అంతకు డెబ్బై ఏళ్ళ ముందే ఒక తెలుగువాడు పల్లకీలో సాగుతూ మజిలీల మంచిచెడ్డలను వ్రాసిపెట్టాడని తెలిస్తే మనకు సంతోషం కలుగుతుంది.

నగరి దారి

చెన్నై నుండి తిరుపతికి పోయే దారిలో తిరుత్తణి దాటగానే వచ్చే ఆంధ్రప్రాంతపు పట్టణం నగరి. చెన్నైకి ఇది సుమారు వంద కిలోమీటర్ల దూరం. తిరుపతికి అందులో సగం. దీని సమీపంలోని కొండ కొన ముక్కు ఆకారంలో ఉండటం చేత 'నగరి ముక్కు' అని పేరు పొందింది. కోరమండల్ తీరం వెంట ఓడలు నడిపే నావికులు సముద్రం మీది నుండే ఈ కొండను గుర్తుపట్టి తీరం ఆనవాలు తెలుసుకొనేవారు. ఆ విధంగా నగరి సముద్రంపై పోయేవారికి గుర్తు, నేలపై పోయేవారికి మజిలీ అయింది.

ఈ దారిలో భక్తజనం రెండు దిక్కులకు నడుస్తుంది. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు – అక్టోబరు మధ్య, తమిళనాడు నుండి వేలాది భక్తులు పసుపు బట్టలు కట్టుకొని, గోవింద నామం పలుకుతూ తిరుమలకు కాలినడకన వస్తారు. నగరి చేరేసరికి వారి పాదాలు బొబ్బలెక్కి ఉంటాయి. ఏడుకొండలు ఇంకా రెండు రోజుల నడక. ఆడికృత్తికకు చిత్తూరు ప్రాంతపు పల్లెల నుండి కావడి భుజాన పెట్టుకొన్న వారు తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి వద్దకు వెళతారు. ఈ రెండు కాలాలలోను దారి పొడవునా పందిళ్ళు లేస్తాయి. ఒకచోట పొంగలి, ఒకచోట పులిహోర, ఒకచోట నీరుమజ్జిగ, మరొకచోట పానకం. పెట్టేవారు తెలుగువారా, తినేవారు తమిళులా అన్న విచారణ ఆ పందిళ్ళ క్రింద వినబడదు. 'రండి సామీ' అన్న పిలుపు రెండు భాషల వారికీ అర్థమవుతుంది.

ఈ కలయికకు చారిత్రక కారణం కూడా ఉన్నది. తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోనిదే. ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాల సరిహద్దుల మార్పు చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న అది మద్రాసు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు రేఖ మారినా, ఇడ్లీకి తోడు వచ్చే సాంబారు మారలేదు. నగరి హోటళ్ళలో నేటికీ రెండు భాషలూ వినిపిస్తాయి. ఒకే పొయ్యి మీద ఒకరి పొంగలి, మరొకరి దోసె సిద్ధమవుతాయి.

ఇక్కడి దారి రుచులు నేలను బట్టి వచ్చినవి. తక్కువ నీటితో పండే రాగి వలన సంగటి, అంబలి వచ్చాయి. చిత్తూరు ప్రాంతపు చెరకు తోటల వలన బెల్లం, చెరకు రసం వచ్చాయి. సుగంధిపాల వేరుతో చేసే నన్నారి షర్బత్తు రాయలసీమ ఎండలకు ఉపశమనం. వేసవిలో తాటి ముంజలు, మామిడికాయ ముక్కలపై ఉప్పూకారం, వానకాలంలో ఉడికించిన వేరుశనగకాయలు బస్సు కిటికీ దగ్గరకే వస్తాయి. తెల్లవారుజామున బస్సు దిగిన వాడికి గ్లాసులో పొగలు కక్కే కాఫీ ప్రయాణబడలికను సగం తీరుస్తుంది.

బస్సు హోటలు ముందు ఆగే ఆ పది నిమిషాలు ఒక చిన్న లోకం. కండక్టరు 'పది నిమిషాలే' అని కేక వేస్తాడు. ఒకరు ముఖం కడుక్కుంటారు. ఒకరు చేతిలో ఇడ్లీ పొట్లం, కంటిలో బస్సు పెట్టుకొని నిలబడే తింటారు. తనకు కాఫీ వద్దని చెప్పి మనుమనికి బన్ను కొనిపెట్టే అవ్వ ఉంటుంది. చిల్లర లేదని వెనుకాడిన వానికి 'పోయి రాండి, మళ్ళీ ఇద్దురు' అని చెప్పే దుకాణదారుడు ఉంటాడు. ఆ ప్రయాణికుడు మళ్ళీ ఆ దారిన వస్తాడో రాడో ఇద్దరికీ తెలియదు. అయినా ఆ మాట చెల్లుతుంది.

అన్నం అందనివారు

ఈ ఆతిథ్య చరిత్ర అంతా వెలుగు మాత్రమే కాదు. పూర్వకాలపు సత్రాలు అనేకం కులాన్ని అడిగి విస్తరి వేసేవి. కొన్ని సత్రాలు ఒక వర్ణం వారికే పరిమితమై ఉండేవి. కొన్నింటిలో పంక్తులు వేరు. అదే ఎండలో, అదే దారిలో, అదే దైవదర్శనానికి నడిచిన దళితునికి సత్రం గడప దొరకలేదు; బావి వద్ద చేద దొరకలేదు. దూరంగా నిలిచి దోసిలి పట్టితే పైనుండి పోసిన నీళ్ళే అతని చలివేంద్రం. కాఫీ హోటళ్ళు వచ్చిన తరువాత కూడా చాలాచోట్ల కూర్చొనే గదులు వేరుగా ఉండేవి. పల్లెల టీ దుకాణాలలో వారికి వేరే గ్లాసు ఉంచే దురాచారం స్వాతంత్ర్యానంతరం కూడా కొనసాగింది. ఆకలి అందరికీ ఒకటే అయినప్పుడు అన్నానికి ఇన్ని గడపలు ఎందుకు?

ఈ ప్రశ్ననే 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్ పట్టణంలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ చవదార్ చెరువు నీటిని దోసిలితో త్రాగి దేశం ముందు ఉంచారు. 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం దీనికి సమాధానం చెప్పింది. 15వ అధికరణంలోని రెండవ నిబంధన దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, దారులు – వీటిని పేరుపేరునా పేర్కొని, మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అన్న కారణాలతో ఎవరినీ వాటికి దూరం చేయరాదని శాసించింది. 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది. దానిని శిక్షార్హం చేస్తూ 1955లో చట్టం వచ్చింది. ఒక దేశపు మౌలిక శాసనంలో హోటలు, బావి అన్న మాటలు చోటు చేసుకొన్నాయంటే, దారిలో దొరికే గ్లాసెడు నీళ్ళ వెనుక ఎంత అవమానం, ఎంత పోరాటం ఉన్నదో ఊహించవచ్చు.

స్త్రీల ఇబ్బంది మరొక విధమైనది. ప్రయాణంలో దాహమైనా నీళ్ళు త్రాగని స్త్రీలు నేటికీ ఎందరో ఉన్నారు. బస్సు ఆగే చోట శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటుందన్న నమ్మకం లేకపోవడమే దానికి కారణం. అన్నోదకాలు అందించినంత మాత్రాన ఆతిథ్యం పూర్తి కాదు. నిశ్చింతగా త్రాగగల పరిస్థితి కల్పించినప్పుడే చలివేంద్రానికి సార్థకత.

అన్నదాతలు

ఇటువంటి భేదాలున్న కాలంలోనే వాటిని దాటి చూసిన మహనీయులు ఉన్నారు. చిత్తూరు సీమలోని తరిగొండలో జన్మించిన వెంగమాంబ 18వ శతాబ్దంలో తిరుమలలో నివసించి 'వేంకటాచల మాహాత్మ్యం' మొదలైన కృతులు రచించింది. బాల్యంలోనే వైధవ్యం పొంది, సంఘం విధించిన కట్టుబాట్లను ఎదిరించిన ఆమె పేరు యాత్రికుల అన్నదానంతో ముడిపడి నిలిచింది. 1985 ఏప్రిల్ 6న నాటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు తిరుమలలో నిత్యాన్నదాన పథకాన్ని ప్రారంభించినప్పుడు రోజుకు 2,000 మందికి భోజనం పెట్టేవారు. 2011లో ప్రారంభమైన అన్నప్రసాద భవనానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. కొండకు చేరిన యాత్రికులు కులమేదని అడిగేవారు లేకుండా అక్కడ ఒకే పంక్తిలో కూర్చొని భుజిస్తున్నారు.

గోదావరి లంకలలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841 – 1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారికి సైతం పొయ్యి వెలిగించి వండిపెట్టింది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భంలో ఆమెను గౌరవించదలచి బ్రిటిషు ప్రభుత్వం ఢిల్లీకి ఆహ్వానించగా, తాను వెళితే వచ్చిన వారికి అన్నం పెట్టేవారు ఉండరని ఆమె వెళ్ళలేదని ప్రసిద్ధి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది.

బాటసారిని ఆదరించే సంస్కారం ఒక్క దేశానిది కాదు. జపానులోని షికోకు దీవిలో 88 బౌద్ధాలయాలను చుట్టివచ్చే యాత్ర ఉన్నది. నడిచిపోయే యాత్రికునికి దారి వెంట గ్రామస్థులు పండో, తేనీరో, కొంత పైకమో ఇస్తారు. 'ఒసెత్తాయ్' అని పిలిచే ఆ కానుకను కాదనడం మర్యాద కాదని వారి నమ్మకం. పెరటాసి నెలలో మజ్జిగ గ్లాసు పట్టుకొని దారి ప్రక్కన నిలబడే మనవారిని చూస్తే షికోకు వాసి తన ఊరినే తలచుకుంటాడు.

నేటి ప్రయాణం

1871లో మద్రాసు – బొంబాయి రైలు మార్గం పూర్తయింది. మజిలీ మజిలీకి ఆగే నడక ప్రయాణం నాటి నుండి క్రమంగా తగ్గింది. తరువాత బస్సులు, కారులు వచ్చాయి. నడిచేవానికి ఆమడకొక సత్రం అవసరమైతే, కారులో పోయేవానికి వంద కిలోమీటర్లకు ఒక్క హోటలు చాలు. విశాలమైన జాతీయ రహదారులు ఊళ్ళను వెలుపల నుండి చుట్టిపోతున్నాయి. ప్రయాణ కాలం తగ్గింది. ఊళ్ళలోని ఇరుకు, ప్రమాదాలు తగ్గాయి. ఇది కాదనలేని మేలు. అయితే పాతదారి ప్రక్కన ఇడ్లీపాత్ర పెట్టుకొన్న కుటుంబానికి, ముంజలు అమ్మే అవ్వకు, చెరకురసం బండివానికి బస్సు ఆగడమే జీవనాధారం. రహదారి జరిగినప్పుడు వారి బ్రతుకు జరగలేదు. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణకు 2014లో పార్లమెంటు చట్టం చేసింది. అటువంటివారికి కొత్తదారి ప్రక్కన చోటు కల్పించే బాధ్యత పాలకులది. ఆగి కొనే బాధ్యత ప్రయాణికులది.

పరిశుభ్రత మరొక అత్యవసర విషయం. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని ప్రకారం చిన్న దుకాణం కూడా నమోదు కావాలి. పద్నాలుగు అంకెల సంఖ్యను అందరికీ కనబడేటట్లు ఉంచాలి. ప్రయాణికుడు కూడా కొంత వివేకం పాటించాలి. ఎదుట వేడిగా వండినది మేలు. వండి గంటల తరబడి గోరువెచ్చగా ఉంచిన అన్నం, కూరలు కీడు. కోసి ఉంచిన పండ్ల కంటె ఒలుచుకొని తినే అరటిపండు నమ్మదగినది. సీసా నీళ్ళకు, రంగు పానీయాలకు బదులు లేత కొబ్బరిబోండం, కాచి చల్లార్చిన నీరు ఉత్తమం.

తిన్న తరువాత మిగిలేది ఏమిటన్నది నేటి ప్రశ్న. పూర్వం అరటాకు, మోదుగాకు విస్తరి, మట్టిముంత మిగిలేవి. అవి నేలలో కలిసిపోయేవి. నేడు ప్లాస్టిక్ గ్లాసులు, సంచులు మిగులుతున్నాయి. ఒక్కసారి వాడి పారవేసే అనేక ప్లాస్టిక్ వస్తువులను 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించారు. అయినా అన్నదానం జరిగిన మరునాడు కొన్ని దారులు చెత్తకుప్పలుగా కనిపించడం విచారకరం. అన్నం పెట్టిన చేయే ఆ నేలను శుభ్రం చేస్తే పుణ్యం రెట్టింపవుతుంది.

ముగింపు

దేశాటన జ్ఞానాన్ని ఇస్తుందని పెద్దలు చెప్పారు. గుడి, కోట, కొండ, సముద్రం చూసి పొందే జ్ఞానం ఒకటి. తెలియని ఊరిలో తెలియని మనిషి వడ్డించిన ముద్ద తిని పొందే జ్ఞానం మరొకటి. ఆ ముద్దలో ఆ నేల పంట ఉంటుంది, ఆ ఊరి భాష ఉంటుంది, ఆ మనుషుల మంచితనం ఉంటుంది. చదువుకొన్న యువతరం ప్రయాణంలో ఆగినప్పుడు వడ్డించిన వారి పేరు అడగాలి. విస్తరిని తీసి తొట్టిలో వేయాలి. ప్రక్కన ఆకలితో నిలిచిన వారున్నారేమో చూడాలి. వేసవి రాగానే తమ కళాశాల ముందు ఒక పందిరి వేసి, రెండు కుండల చల్లని నీరు ఉంచగలిగితే ఈ పాఠం చదివినందుకు ఫలం దక్కినట్లే.

కఠిన పదాలు – అర్థాలు

ఆమడ = సుమారు ఎనిమిది మైళ్ళ దూరం
క్షుత్పిపాసలు = ఆకలిదప్పులు
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
వరుగులు = ఎండబెట్టిన కూరముక్కలు
నంజుడు = అన్నంతో కలిపి తినే వ్యంజనం
రూక = పూర్వకాలపు నాణెం
ద్విభాషి = ఒక భాషలోని మాటలను మరొక భాషలో చెప్పేవాడు
చేద = బావి నుండి నీరు తోడే పాత్ర
దేశాటన = దేశ సంచారం

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్యంలో సమాధానం వ్రాయండి.
1. ఎర్రగుడిలోని అశోకుని రెండవ శాసనం దేనిని తెలుపుతుంది?
2. 'కాశీయాత్ర చరిత్ర' ఏ సంవత్సరంలో అచ్చయింది?
3. నగరి కొండ నావికులకు ఏ విధంగా ఉపయోగపడేది?
4. తిరుమలలో నిత్యాన్నదాన పథకం ఎప్పుడు ప్రారంభమైంది?

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. విష్ణుచిత్తుడు ఋతువును బట్టి పెట్టిన భోజనాన్ని వివరించండి.
2. సద్దిమూటలోని పదార్థాల ఎంపికలో కనిపించే విజ్ఞానం ఏమిటి?
3. నగరి దారిలో రెండు భాషల వారి కలయిక ఎట్లా కనిపిస్తుంది?
4. రాజ్యాంగంలోని 15వ అధికరణానికి, బాటసారి భోజనానికి గల సంబంధం ఏమిటి?

III. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. సత్రం నుండి హోటలు వరకు ప్రయాణికుల అన్నపానాలలో వచ్చిన మార్పులను పాఠం ఆధారంగా చర్చించండి.
2. కొత్త రహదారుల వలన కలిగే లాభనష్టాలను మీ ఊరి దారిని దృష్టిలో ఉంచుకొని వివరించండి.

IV. సందర్భ సహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. ఆకలి అందరికీ ఒకటే అయినప్పుడు అన్నానికి ఇన్ని గడపలు ఎందుకు?
2. రహదారి జరిగినప్పుడు వారి బ్రతుకు జరగలేదు.
3. అన్నం పెట్టిన చేయే ఆ నేలను శుభ్రం చేస్తే పుణ్యం రెట్టింపవుతుంది.

V. వ్యాకరణాంశాలు

సంధులు
దేశాటన = దేశ + అటన – సవర్ణదీర్ఘ సంధి
మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి
అన్నోదకాలు = అన్న + ఉదకాలు – గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
ఏమున్నది = ఏమి + ఉన్నది – ఇకార సంధి

సమాసాలు
ఆకలిదప్పులు = ఆకలియును, దప్పియును – ద్వంద్వ సమాసం
పది నిమిషాలు = పది సంఖ్య గల నిమిషాలు – ద్విగు సమాసం
ప్రయాణబడలిక = ప్రయాణం వలన బడలిక – పంచమీ తత్పురుష సమాసం
చల్లని నీరు = చల్లనైన నీరు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
చెరకు రసం = చెరకు యొక్క రసం – షష్ఠీ తత్పురుష సమాసం

VI. ప్రాజెక్టు పని
మీ ఊరిలో గాని, సమీపంలో గాని ఉన్న పాత సత్రం, బావి లేదా చలివేంద్రాన్ని దర్శించి, దానిని ఎవరు, ఎవరి కోసం ఏర్పాటు చేశారో పెద్దలను అడిగి తెలుసుకొని ఒక నివేదిక వ్రాయండి.